మధురవాడలో మా ఇంటి పైన రాత్రిళ్లు తిరుగుతున్నది పునుగు పిల్లేనా? పట్టించాలా?

కొండవైపు ఇల్లు, రాత్రి ఎనిమిది దాటాక రేకుల మీద బరువైన అడుగుల చప్పుడు, తెల్లారి చూస్తే పిట్టగోడ మీద గింజలతో నిండిన మలం. మీరు చెప్పిన ఈ మూడూ కలిపి చూస్తే అది నూటికి తొంభై పాళ్లు మానుపిల్లి. పక్కింటివాళ్లు పునుగు పిల్లి అన్నారని, పట్టిస్తే దాని ఒంటి నించి తీసే సువాసన తైలం కోసం డబ్బులిస్తారని చెప్పారని రాశారు. ఆ మాట మాత్రం చెవిన పెట్టకండి.

మన దగ్గర రెండింటినీ పునుగు పిల్లి అనేస్తారు కానీ అవి వేరు వేరు. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామికి పూసే పునుగు అసలు పునుగు పిల్లిది. అది ఎక్కువగా నేల మీదే తిరుగుతుంది. ఒంటి నిండా చుక్కల వరసలు, తోకకి ఉంగరాల్లాంటి పట్టీలు ఉంటాయి. మానుపిల్లి, పేరులోనే ఉంది కదా, చెట్టు మీది జంతువు. బూడిదరంగు ఒళ్లు, వీపున నిలువుగా మసక చారలు, నల్లటి మొహం మీద ముసుగు కట్టినట్టు తెల్లటి మచ్చలు. తోక మాత్రం పట్టీల్లేకుండా నల్లగా, దాదాపు ఒంటి పొడవంతా ఉంటుంది. రెండు కిలోల నించి ఐదు కిలోల దాకా తూగుతుంది. రాత్రిపూట రేకుల మీద నడిస్తే మనిషే ఎక్కాడనిపిస్తుంది, అందులో మీ తప్పేం లేదు. ఏదైనా సరే, పట్టడం, బోనులో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

ఇంత ఖాయంగా ఎందుకు చెబుతున్నానంటే, సింహాచలం దగ్గర అడవివరంలో మా పెంకుటింటి అటక మీద ఒకటి మూడేళ్లు కాపురం ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా పెరటి చింతచెట్టు కూలిపోయింది. దాని తొర్ర పోయిన కొద్ది రోజులకే అటక మీద చప్పుడు మొదలైంది. పాపం, ఇల్లు పోయి మా ఇంటికొచ్చిందన్నమాట. అప్పట్లో ఈ ఊహ నాకు తట్టలేదు. ఒకరోజు సాయంత్రం అది బయటికి పోవడం చూసి, చూరు కింద కంతకి చెక్క కొట్టేశాను. పెద్ద పని చేసినట్టు అమ్మమ్మకి చెప్పుకున్నాను కూడా. అర్ధరాత్రి పైనించి సన్నగా అరుపులు, బయట చెక్కని గోళ్లతో గీకుతున్న చప్పుడు. అమ్మమ్మ లేచి కూర్చుని, "పిల్లల తల్లిరా అది, ముందా చెక్క తియ్యి" అంది. టార్చి పెట్టి చూస్తే ఇంకా కళ్లు తెరవని పిల్లలు మూడు! చెక్క తీసి దూరంగా వచ్చేశాను. తెల్లారేలోపు తల్లి లోపలికెళ్లింది.

ఆ తర్వాత చూడ్డం అలవాటైంది. ఒంటరి జీవి. పిల్లల్ని తల్లే సాకుతుంది. పగలంతా నిద్ర, చీకటి పడ్డాక బయల్దేరి తెల్లవారుజామున నాలుగింటికల్లా చేరిపోయేది. వెన్నెల బాగా ఉన్న రాత్రుల్లో కదలిక తక్కువ. దగ్గరికెళ్తే బుస్సుమనేది తప్ప మీదికి రాలేదు. మూలకి తరిమితే మాత్రం కరుస్తుంది, వెనక గ్రంథుల నించి కంపు కూడా వదులుతుంది. కానీ మామూలప్పుడు అది తిరిగిన చోట కొత్త బియ్యం అన్నం వార్చిన వాసన! అర్ధరాత్రి ఎవరు వండుతున్నారా అని మొదట్లో అనుకునేవాళ్లం.

తిండి ముఖ్యంగా పళ్లే. నేరేడు, మర్రి, మేడి, ఈత, మామిడి, అరటి, ఏది దొరికితే అది. ఎలుకలు, పురుగులు కూడా తింటుంది. కోడిపిల్లల్ని వదలదు, అది దాచి లాభం లేదు. కల్లు కుండల్లో మూతి పెడుతుందన్న పేరూ ఉంది. పండు గుజ్జు అరుగుతుంది, గింజ అరగదు. అందుకే మలంలో గింజలు శుభ్రంగా కడిగినట్టు కనిపిస్తాయి. బండల మీదో, పడిపోయిన మానుల మీదో, మీ పిట్టగోడలాంటి చోటో, అంటే బయటికి కనబడే చోటే వేస్తుంది. కంబాలకొండ, సింహాచలం కొండల్లో మేడి, ఈత మొక్కలు కొన్ని దీని పుణ్యమే. ఇలా బయటికొచ్చిన కాఫీ గింజల్ని ఏరి ఖరీదుగా అమ్మే వ్యాపారం కూడా ఉంది. దాని కోసం వీటిని బోనుల్లో పెట్టి కాఫీ పళ్లే మేపడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక మీ సంగతి. ముందు లోపల పిల్లలున్నాయేమో వినండి. ఉంటే రెండు మూడు నెలలు ఓపిక పట్టండి, అవే తల్లి వెంట వెళ్లిపోతాయి. లేవని తేలాక, అది బయటికెళ్లిన రాత్రి కంతకి ఇనుప జాలీ కొట్టండి, చెక్క కాదు. ఇంటిమీదికి వాలిన కొమ్మలు నరికించండి, రాత్రిళ్లు అరటిగెల బయట వేలాడదీయకండి. కోళ్లుంటే గూడు తలుపు గట్టిగా వేసుకోండి. ఎవరినైనా కరిస్తే సబ్బుతో కడిగి వెంటనే ఆసుపత్రికెళ్లి రేబీస్ టీకా గురించి అడగండి. దెబ్బ తగిలి కదలకుండా పడి ఉంటే చేత్తో ముట్టుకోకుండా అటవీశాఖ వాళ్లకి చెప్పండి.

మా అటక మీది సంసారం మూడో ఏడు పక్కవాళ్ల పనసచెట్టు మీదికి మారింది. చెక్క తీసిన కంత మాత్రం అలాగే ఉంది. అమ్మమ్మ ఉన్నన్నాళ్లు దాన్ని మూయనివ్వలేదు.