ప్రింట్లు చీకటిగా వస్తుంటే ముందు చూడాల్సింది మానిటర్ వెలుగు

ఎర్రమట్టి దిబ్బల దగ్గర తీసిన పెళ్లి ఫోటోలు మానిటర్ మీద చక్కగా ఉన్నాయి, ల్యాబ్ నుంచి వచ్చిన ప్రింట్లలో మాత్రం మొహాలు నల్లబడ్డాయి, కొత్త మానిటర్ కొనాలా అని అడిగారు. అక్కర్లేదండి. ముందు ఉన్నదాని బ్రైట్‌నెస్ తగ్గించి చూడండి.

నేను విశాఖలోనే పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాను, ఆల్బమ్ ఎడిటింగ్ కూడా నాదే. ఇలా ప్రింట్లు పట్టుకొచ్చి అడిగే కుర్రాళ్లలో ఎక్కువ మందికి అసలు ఇబ్బంది రంగుతో కాదు, వెలుగుతో. చాలా మానిటర్లు కొత్తలో 250 నిట్స్ (తెర వెలుగుకు కొలత), ఆ పైన వెలుగుతో వస్తాయి. కాగితానికి సొంత వెలుగు లేదు, గదిలో పడ్డ వెలుగే దానికి ఆధారం. అంత వెలిగే తెర ముందు కూర్చుంటే చీకటి ఫోటో కూడా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది, అలాగే ల్యాబ్‌కి పంపేస్తాం. ప్రింట్ పనికి 80 నుంచి 120 నిట్స్ చాలు. నాది 100 దగ్గర ఉంటుంది. మొదట్లో తెర మసకగా అనిపిస్తుంది, తర్వాత కళ్లు అలవాటు పడతాయి.

గది కూడా ముఖ్యం. మన ఊళ్లో సముద్రం వైపు కిటికీ ఉంటే పొద్దున ఎండ నేరుగా తెర మీదే పడుతుంది. మందపాటి కర్టెన్ వేసి, పగలైనా రాత్రైనా ఒకే లైటు కింద ఎడిట్ చేయండి.

ఇక క్యాలిబ్రేషన్, అంటే తెర వెలుగును, రంగులను సరైన కొలతకు తేవడం. కంటితో చూసి ఎరుపు, నీలం బటన్లు తిప్పడం వద్దు. మన కన్ను కాసేపట్లో ఏ తెలుపునైనా తెలుపే అనుకుంటుంది. తెర మీద పెట్టి రంగు, వెలుగు కొలిచే స్పైడర్, క్యాలిబ్రైట్ లాంటి పరికరం కావాలి. ఖరీదు అనిపిస్తే నలుగురు ఫోటోగ్రాఫర్లు కలిసి ఒకటి కొనుక్కోండి, రోజూ అవసరమయ్యే వస్తువు కాదు. డిస్‌ప్లేక్యాల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కూడా ఇలాంటివి చాలా వరకు పనిచేస్తాయి. మానిటర్ ఆన్ చేసి అరగంట ఆగాలి. తెర రంగును, వెలుగును దానంతటదే మార్చే నైట్ లైట్, డైనమిక్ కాంట్రాస్ట్ ఆపేయాలి. తెలుపు 6500 కెల్విన్, గామా (నలుపు తెలుపుల మధ్య ఛాయలు ఎంత వెలగాలో చెప్పే సెట్టింగ్) 2.2 పెట్టండి. చివర్లో సాఫ్ట్‌వేర్ తయారుచేసే ప్రొఫైల్ (తెర రంగులు ఎలా చూపిస్తుందో చెప్పే ఫైలు) ఆ మానిటర్‌కి మాత్రమే. దాన్ని ఫోటోషాప్‌లో వర్కింగ్ స్పేస్‌గా (ఎడిటింగ్‌కి వాడే రంగుల పరిధిగా) పెట్టకండి. ల్యాబ్ వేరే ఏదీ అడగకపోతే ఫైలు మామూలుగా అందరూ వాడే రంగుల పరిధి అయిన ఎస్‌ఆర్‌జీబీలోనే ఇవ్వండి.

ఇంత చేసినా ల్యాబ్ మెషిన్ ఆటో కరెక్షన్ వేస్తే మన శ్రమంతా వృథా. ఫైలు ఇచ్చేటప్పుడే “కరెక్షన్ వద్దు, ఉన్నది ఉన్నట్టు కొట్టండి” అని చెప్పండి. వాళ్ల పేపర్ ప్రొఫైల్ (ఆ కాగితం మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) అడిగి తీసుకుని, ప్రింట్ ఎలా ఉంటుందో తెర మీదే ముందుగా చూపించే సాఫ్ట్ ప్రూఫింగ్‌లో చూడండి. కొన్ని రంగులు కాగితం మీదకు రానే రావు. రాణీ రంగు పట్టుచీర తెర మీద వెలిగినంతగా మ్యాట్ పేపర్ మీద వెలగదు, అది ఏ క్యాలిబ్రేషన్‌తోనూ కుదరదు. పెళ్లివారికి ముందే చెప్పడం మంచిది.

ఆల్బమ్ మొత్తం ఇచ్చేముందు ఒక్క షీటు టెస్ట్ ప్రింట్ తీయించండి. నేనైతే మధుపర్కాల్లో ఉన్న వధూవరుల ఫోటో తప్పకుండా పెడతాను. తెల్లబట్ట, ఎర్ర అంచు, నల్లటి జుట్టు, చర్మం రంగు అన్నీ ఒకే ఫ్రేములో దొరుకుతాయి. తెల్లబట్టలో పచ్చదనమో నీలమో దిగితే వెంటనే తెలిసిపోతుంది. ఆ ప్రింట్‌ని పసుపు బల్బు కింద చూడకండి, ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర చూడండి.

అప్పటికీ షీటంతా ఒకేలా చీకటిగా ఉంటే మానిటర్ ఇంకో 10 నిట్స్ తగ్గించి, మళ్లీ క్యాలిబ్రేట్ చేయండి. వెలుగు సరిపోయి ఏదో ఒక రంగు మాత్రమే తేడాగా ఉంటే మానిటర్ జోలికి వెళ్లకండి. ఆ షీటు తీసుకుని ల్యాబ్‌కి వెళ్లి, పేపర్ ఏది వాడారో, కరెక్షన్ ఆపారో లేదో అడగండి.