బ్యాక్‌యార్డ్‌లో సొరపాదు పందిరికి హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) నోటీసు వచ్చింది, తీసెయ్యాల్సిందేనా?

ముందు ఆ మేనేజ్‌మెంట్ కంపెనీకి ఫోన్లు చెయ్యడం ఆపెయ్యండి. మీరు రాసింది ఇదేగా, డాలస్ దగ్గర కొత్తగా ఇల్లు కొన్నాం, వెనకాల సొరపాదుకి పందిరి వేశాం, అది ఫెన్స్ పైకి కనపడుతోందని హెచ్‌ఓఏ లెటర్ పంపింది, తీయకపోతే ఫైన్ అన్నారు, మేనేజ్‌మెంట్ కంపెనీకి ఫోన్ చేస్తే అక్కడి ఆవిడ రూల్ అంటే రూలే అని పెట్టేసింది అని. పెట్టేస్తుంది మరి, ఆవిడ చేతిలో ఏముంది. మేనేజ్‌మెంట్ కంపెనీ అంటే అసోసియేషన్ డబ్బులిచ్చి పెట్టుకున్న గుమస్తా లాంటిది, నిర్ణయం బోర్డుది. పైగా ఫోన్లో మీరెంత చక్కగా మాట్లాడినా రేపు దానికి రుజువుండదు. ఈమెయిల్లోనో పోర్టల్లోనో రాయండి, ప్రతిదీ.

మాది కూడా ఆ చుట్టుపక్కలే, కాలిన్ కౌంటీ. మా మావయ్యగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు ఊరికే కూర్చోలేక పీవీసీ పైపులు తెప్పించుకుని, మేం ఆఫీసుల నుంచి వచ్చేలోపు పందిరి లేపేశారు. బీర, సొర, ఓ పక్కన పొట్ల. ఇక్కడి ఎండకి సొరపాదు ఎలా పాకుతుందో తెలుసుగా, జూలైకల్లా ఫెన్స్ దాటేసి అవతల వైపు కూడా కాయలు దిగాయి, మేం ఆఫీసులో వాళ్ళకి, గుడికి వెళ్తే అక్కడ కనపడ్డవాళ్ళకి అందరికీ పంచుతున్నాం, సరిగ్గా అప్పుడు వచ్చింది లెటర్. పర్మిషన్ లేని స్ట్రక్చర్, ఫెన్స్ పైకి కనపడుతోంది, యుటిలిటీ ఈజ్‌మెంట్‌లో (కరెంటు, కేబుల్ వాళ్ళ పనికి వదలాల్సిన జాగాలో) ఉంది అని. ఆయనకి ఇది ఎంతకీ ఎక్కలేదు, "మన దొడ్లో మనం పాదు పెట్టుకుంటే మధ్యలో వాళ్ళెవరు బాబూ" అని రోజూ అడిగేవారు. అడగడంలో తప్పేం లేదు. కానీ ఇక్కడ ఇల్లు కొంటే డిక్లరేషన్ (ఆ కాలనీ నిబంధనల పత్రం) కూడా దాంతో పాటే వస్తుంది, అది కౌంటీ క్లర్క్ దగ్గర రికార్డ్ అయి ఉంటుంది, క్లోజింగ్ రోజు (ఇల్లు మన పేరు మీదకి వచ్చే రోజు) మనం చదివామా లేదా అన్నది ఎవరికీ పట్టదు.

కాబట్టి చదవాల్సింది అదే. డిక్లరేషన్ వేరు, డిజైన్ గైడ్‌లైన్స్ వేరు, లెటర్లో ఏ సెక్షన్ నంబర్ వేశారో ఆ పేజీ తీసి చూడండి, చాలాసార్లు లెటర్లో రాసినదానికీ అక్కడున్నదానికీ పొంతన ఉండదు. టెక్సస్‌లో ఇంకో సంగతి, ఇలాంటి రూల్స్ కౌంటీలో ఫైల్ చెయ్యకపోతే చెల్లవు, ప్రాపర్టీ కోడ్ (రాష్ట్ర ఆస్తి చట్టం) 202.006 అదే చెప్తుంది. పోర్టల్లో పెట్టిన పీడీఎఫ్ ఒక్కటే చూపించి ఇది రూల్ అంటే, ఎప్పుడు ఫైల్ చేశారని అడగొచ్చు. మా హెచ్‌ఓఏది ఫైల్ అయ్యే ఉంది, ఆ దారి మూసుకుపోయింది.

ఇప్పుడు కింద కామెంట్లలో ఒకాయన "కూరగాయలు పండించుకోవడం మన హక్కు, కోర్టుకి వెళ్ళండి" అని రాశారు చూడండి, అది కాలిఫోర్నియా మాట. అక్కడ సివిల్ కోడ్ 4750 అని ఉంది, సొంతానికి బ్యాక్‌యార్డ్‌లో పండించుకుంటుంటే హెచ్‌ఓఏ పూర్తిగా ఆపడానికి వీల్లేదు. ఫ్లోరిడాలో 2024 నుంచి, ఇంటి ముందు వైపు నుంచీ పక్క లాట్ నుంచీ కనపడనంత వరకు కూరగాయల తోట, బట్టల తీగ లాంటివి అడ్డుకోకూడదు. టెక్సస్‌లో కూరగాయల తోటకి అలాంటి రక్షణ నాకు తెలిసి లేదు, ఆ మాట పట్టుకుని హియరింగ్‌కి (బోర్డు ముందు విచారణకి) వెళ్తే మొదటి నిమిషంలోనే తేలిపోతారు.

మనకి ఇక్కడ ఉన్న బలమంతా పద్ధతిలో ఉంది, అదే ప్రాపర్టీ కోడ్‌లోని చాప్టర్ 209. ఫైన్ వెయ్యాలంటే ముందు సర్టిఫైడ్ మెయిల్ లాంటి దాంట్లో నోటీసు రావాలి, తప్పేంటో రాయాలి, సరిచేసుకోడానికి తగినంత టైమిచ్చి ఏ తేదీలోపో చెప్పాలి, ఆ నోటీసు పోస్ట్ చేసిన 30 రోజుల్లో మీరు హియరింగ్ అడగొచ్చు. ఆరు నెలల్లోపు ఇలాంటిదానికే ఓసారి నోటీసిచ్చి టైమిచ్చి ఉంటే మాత్రం మళ్ళీ టైమివ్వక్కర్లేదు, అది గుర్తుంచుకోండి. మామూలు పోస్టులో వచ్చేది చాలావరకు కర్టసీ లెటర్ (ఊరికే ముందు హెచ్చరిక), దానికే కంగారు పడక్కర్లేదు గానీ పక్కన పడెయ్యకండి కూడా. 2021లో ఎస్‌బీ 1588 అనే చట్టం వచ్చాక హియరింగ్‌కి కనీసం 10 రోజుల ముందు వాళ్ళ దగ్గరున్న ఫొటోలు, కాగితాలు అన్నీ మీకు ఇవ్వాలి, ఇవ్వకపోతే 15 రోజుల వాయిదా మీ హక్కు. హియరింగ్‌ని ఆడియో రికార్డ్ చేసుకోవచ్చు. అసోసియేషనే ఈ చాప్టర్ తప్పితే జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టుకి (చిన్న కేసులు చూసే స్థానిక కోర్టుకి) మీరే వెళ్ళొచ్చు, అది కూడా అప్పుడే వచ్చింది. ఒక్క ఫైన్ల కోసమే ఇల్లు ఫోర్‌క్లోజ్ (జప్తు) చెయ్యలేరు, వాట్సాప్ గ్రూపుల్లో జనం భయపెట్టేది నమ్మకండి. డ్యూస్ (అసోసియేషన్‌కి కట్టాల్సిన రుసుము) కట్టకపోవడం మాత్రం వేరే కథ, కోపంతో అవి ఆపకండి.

మేం హియరింగ్ అడిగాం. వచ్చిన ఫొటోలు చూస్తే పక్కింటి పై అంతస్తు కిటికీలోంచి తీసినవని మా ఆవిడ ఇట్టే పట్టేసింది, మనం కాయలిచ్చిన వాళ్ళేగా అని ఆ రాత్రంతా బాధపడింది. వాళ్ళని ఒక్క మాట కూడా అడగలేదు మేము, మీరూ అడక్కండి, బోర్డుకి కావాల్సింది ఎవరు చెప్పారన్నది కాదు. జూమ్‌లో కూర్చుంటే తెలిసింది ఏంటంటే బోర్డులో ఎవరికీ కూరగాయల మీద పగ లేదు, ఒకాయన సొరకాయ ఎలా వండుతారని కూడా అడిగాడు. వాళ్ళ గోలంతా రెండే, ఫెన్స్ మీద తెల్ల పైపులు కనపడటం, ఈజ్‌మెంట్. రెండోది నిజంగా సీరియస్ అండి, కరెంటు వాళ్ళో కేబుల్ వాళ్ళో తవ్వాల్సొస్తే అడ్డొచ్చింది పీకేస్తారు, దానికి మీరేం అడగలేరు. మీ ప్లాట్ సర్వే కాగితంలో ఆ గీత ఉంటుంది చూడండి.

చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. పందిరి ఎత్తు ఫెన్స్ కంటే కిందకి, ఈజ్‌మెంట్ గీత ఇవతలకి, తెల్ల పైపుల బదులు టీ-పోస్టులకి (ఇనుప గుంజలకి) వంచి కట్టిన క్యాటిల్ ప్యానెల్ (గట్టి ఇనుప కంచె పలక), చలికాలానికి ఎండిన తీగ పీకెయ్యాలి. దానికి ఏసీసీకి (కట్టడాలకి అనుమతిచ్చే కమిటీకి) అప్లికేషన్ పెట్టాం, కొలతలతో చేత్తో గీసిన బొమ్మ, ఫొటోలు, అంతే. ఫైన్ వెయ్యలేదు. మీరు కూడా హియరింగ్‌కి ముందే ఆ అప్లికేషన్ పడేసి వెళ్ళండి, తీసెయ్యను అని వెళ్ళేవాళ్ళకీ ఇలా మారుస్తాను అని కాగితంతో వెళ్ళేవాళ్ళకీ బోర్డు మొహంలోనే తేడా ఉంటుంది. ఆ కమిటీ కాదంటే కారణం, ఏం మారిస్తే ఒప్పుకుంటారో రాతపూర్వకంగా ఇవ్వాలి, దాని మీద కూడా 30 రోజుల్లో హియరింగ్ అడగొచ్చు. 40 లాట్లు దాటిన చోట బోర్డు మెంబరు గానీ వాళ్ళ భార్యాభర్తలు గానీ ఆ కమిటీలో ఉండకూడదు, ఎవరున్నారో ఓసారి చూసుకోండి.

ఒక మాట అనాలనిపిస్తోంది, ఏమనుకోకండి. మా కమ్యూనిటీలో ఏ వీధి చూసినా మనవాళ్ళే, బతుకమ్మకి క్లబ్‌హౌస్ పట్టదు, యాన్యువల్ మీటింగ్‌కి మాత్రం కోరం లేక వాయిదా పడుతుంది. గైడ్‌లైన్స్‌లో పాదుల పందిరికి ఒక లైను చేర్పించడం లాయర్ ఖర్చు కంటే చాలా తేలిక, బోర్డు మీటింగ్‌లో ఓట్లు చాలు. మా ఆవిడ ఈసారి బోర్డుకి నిలబడుతోంది, కోపంతోనే అనుకోండి.

వాన నీళ్ళ డ్రమ్ము గురించి కూడా అడిగారు కదా. అది పూర్తిగా ఆపలేరు, ప్రాపర్టీ కోడ్ 202.007లో రెయిన్ బ్యారెల్స్, డ్రిప్, కంపోస్ట్ పేర్లతో సహా ఉన్నాయి. ఇంటి ముందు, వీధికి ఇంటికి మధ్యలో పెట్టకండి, రంగు ఇంటి రంగుకి కలిసేది తీసుకోండి, పక్కింటికి కనపడితే సైజు గురించో అడ్డు పెట్టమనో అడగొచ్చు. దాన్ని కూడా పందిరి అప్లికేషన్‌లోనే రాసెయ్యండి, ఒకేసారి అయిపోతుంది.