సెప్టిక్ ట్యాంకు దగ్గర గ్యాస్ డిటెక్టర్ ఎలా వాడాలి?

కడపలో మీ అపార్ట్‌మెంట్ సెప్టిక్ ట్యాంకు కడిగించడానికి నాలుగు గ్యాసుల డిటెక్టర్ అద్దెకు తెచ్చామన్నారు. ముందుగా ఒక మాట: సక్షన్ బండితో పని అయ్యేటట్టుంటే మనిషిని అసలు దించకండి. రక్షణ సామగ్రి లేకుండా దించడం 2013 నాటి పాకీపని (మాన్యువల్ స్కావెంజింగ్) నిషేధ చట్టం ప్రకారం నేరం కూడా.

డిటెక్టర్‌ను ట్యాంకుకు దూరంగా, ఆరుబయట ఆన్ చేయండి. ఆక్సిజన్ 20.9 శాతం చూపాలి, మిగతా మూడూ (మీథేన్ లాంటి మండే గ్యాస్, విషవాయువులైన హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్) సున్నా. ఇది చాలదు. సెన్సర్ పాడైనా సున్నానే చూపిస్తుంది! అందుకే టెస్ట్ గ్యాస్ పట్టించి అలారం మోగుతుందో లేదో చూపించమని అద్దెకిచ్చినవాళ్లనే అడగండి. చూపించకపోతే ఆ డిటెక్టర్ వద్దు.

మూత తీశాక తల లోపలికి పెట్టొద్దు. డిటెక్టర్‌కు తగిలించిన గాలి పైపు దించి పైన, మధ్యలో, అడుగున విడివిడిగా కొలవండి. మీథేన్ తేలిక, పైకి చేరుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ బరువు, అడుగున ఉంటుంది. పైపు పొడవైతే గాలి సెన్సర్ దాకా రావడానికి టైం పడుతుంది, ప్రతి చోటా కనీసం రెండు నిమిషాలు ఆగండి. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గినా, ఏ అలారం మోగినా ఎవరూ దిగకూడదు. అన్నీ సరిగ్గా ఉండి దిగినా, డిటెక్టర్ ఆ మనిషి ఛాతీ దగ్గరే ఉండాలి. బురద కదిలిస్తే గ్యాస్ మళ్లీ లేస్తుంది.

వాసన పోయిందని నమ్మకండి, హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కే మొద్దుబారుతుంది. మన వైపు బావుల్లోకి దీపం దించి చూసే అలవాటుంది. ఇక్కడ ఆ పని చేయొద్దు, మీథేన్ అంటుకుంటుంది.