రుచుల పెరుగు కప్పులో ప్రొటీన్ ఎంత, చక్కెర ఎంత?

పాఠకుల ప్రశ్నలు – ఆహారం, ఆరోగ్యం

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. నాందేడ్‌లో డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి జిమ్‌కు వెళ్తూ, రోజూ రెండు కప్పుల స్ట్రాబెరీ రుచి ‘హై ప్రొటీన్’ పెరుగు తింటున్నాడు. ఇంటికి వచ్చినప్పుడు గేదె పాలతో తోడు పెట్టిన పెరుగు ముట్టడు, అందులో ప్రొటీన్ లేదంటాడు. అతను తినే కప్పు 100 గ్రాములది. దాని మీద ప్రొటీన్ 8 గ్రాములు, మొత్తం చక్కెరలు 13 గ్రాములు, చేర్చిన చక్కెర 9 గ్రాములు, కొవ్వు 1.5 గ్రాములు అని రాసి ఉంది. ఇంటి పెరుగు కంటే అది నిజంగా మేలైనదేనా?
– ఒక తల్లి, ధర్మాబాద్

జవాబు: అమ్మా, మీ అబ్బాయి మాటలో సగం నిజముంది. ఇంటి పెరుగులో ప్రొటీన్ లేకపోలేదు కానీ నీటి వంతు ఎక్కువ కాబట్టి తక్కువగా కనిపిస్తుంది. 100 గ్రాముల ఆవు పాల పెరుగులో మూడు గ్రాములకు కాస్త పైన, గేదె పాల పెరుగులో నాలుగు గ్రాములకు అటూ ఇటుగా ప్రొటీన్ ఉంటుంది. కప్పులోని 8 గ్రాములు దానికి రెట్టింపే. పెరుగులోని నీటిని వడగట్టి తీసివేయడం వల్ల గానీ, పాల నుంచి వేరుచేసిన ప్రొటీన్ పొడిని ముందుగానే పాలలో కలిపి తోడు పెట్టడం వల్ల గానీ ఆ చిక్కదనం వస్తుంది. రెండు పద్ధతుల్లోనూ లభించేది పాల ప్రొటీనే. జొన్న రొట్టెలో కొరవడే లైసిన్ అనే అమైనో ఆమ్లం అందులో పుష్కలంగా ఉంటుంది కనుక, రొట్టె పక్కన పెరుగు ఏ రూపంలో ఉన్నా మంచి జోడీయే.

చిక్కంతా చక్కెర దగ్గర ఉంది. లేబుల్‌లోని 13 గ్రాముల్లోంచి చేర్చిన 9 గ్రాములు తీసివేస్తే మిగిలే 4 గ్రాములు పాలలో సహజంగా ఉండే లాక్టోజ్, దాని గురించి బెంగ అక్కర్లేదు. తొమ్మిది గ్రాములంటే దాదాపు రెండు టీస్పూన్ల పంచదార. రోజుకు రెండు కప్పులు తింటే 18 గ్రాములవుతుంది. పెద్దవారు రోజు మొత్తంలో తీసుకునే ఇటువంటి చక్కెర 25 గ్రాముల లోపు ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. కాలేజీ క్యాంటీన్‌లో రెండు టీలు తాగే కుర్రవాడు ఆ హద్దును తేలిగ్గా దాటిపోతాడు. ఇక కప్పు మీది స్ట్రాబెరీ బొమ్మను చూసి పండు తింటున్నామని అనుకోకూడదు. పదార్థాల జాబితాను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నిబంధన కనుక, పండు పేరు కంటే పంచదార పేరు ముందుంటే ఆ కప్పులో ఏది ఎక్కువో వేరే చెప్పనక్కర్లేదు.

మీ ప్రాంతంలో దీనికి ప్రత్యామ్నాయం డేరీ దుకాణంలోనే దొరుకుతుంది. పంచదార కలిపి చేసే శ్రీఖండ్ అనే మిఠాయి కోసం అమ్మే చక్కా అంటే గుడ్డలో కట్టి నీరు దించిన పెరుగే. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం చక్కాలో కనీసం 30 శాతం ఘనపదార్థం ఉండాలి, అందులో మళ్ళీ 30 శాతం పాల ప్రొటీన్ కావాలి. లెక్క కడితే 100 గ్రాములకు 9 గ్రాములు, అంటే మీ వాడి కప్పు కంటే ఒక గ్రాము ఎక్కువే, పైగా చేర్చిన చక్కెర లేదు. అయితే అదే చక్కా శ్రీఖండ్‌గా మారిందంటే మాత్రం మిఠాయిగానే లెక్క వేసుకోవాలి.

ఇంట్లోనూ చేసుకోవచ్చు. పెరుగును పలుచని నూలు గుడ్డలో మూటగట్టి, కింద గిన్నె పెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో వేలాడదీస్తే తెల్లారేసరికి గరిటె నిలబడేంత గట్టిపడుతుంది. అయితే మీగడ తీయని గేదె పాలతో చేస్తే ప్రొటీన్‌తో పాటు కొవ్వు కూడా చిక్కబడి ప్రొటీన్‌కు రెట్టింపు అయ్యే వీలుంది కాబట్టి, మీగడ తీసిన పాలు గానీ డబుల్ టోన్డ్ పాలు గానీ వాడండి. గిన్నెలోకి దిగిన పసుపుపచ్చని నీటిలో కొంత కాల్షియం, రైబోఫ్లేవిన్ అనే విటమిన్ ఉంటాయి. దానిని పారబోయకుండా పిండి తడపడానికి వాడుకోండి. ఇంట్లో చేసిన ఈ పెరుగులో నాలుగు సీతాఫలం తొనలో, అరటిపండు ముక్కలో కలిపితే రుచికి రుచి, పీచుకు పీచు.

చివరిగా మోతాదు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దలకు శరీర బరువులో కిలోకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. 60 కిలోల యువకుడికి అది 50 గ్రాములు. బరువులెత్తే వ్యాయామం క్రమం తప్పకుండా చేస్తుంటే 70 నుంచి 95 గ్రాముల వరకు ఉపయోగపడవచ్చు. పప్పు, శనగలు, పల్లీలు, పాలు, ఒక్కొక్కటి ఆరు గ్రాములిచ్చే గుడ్లు సక్రమంగా తింటే అందులో అధికభాగం హాస్టల్ భోజనంలోనే సమకూరుతుంది. కప్పు పెరుగు తినవద్దని నేననను. రెండుకు బదులు ఒకటి, అదీ తీపి చేర్చనిది అయితే మంచిది.

ప్రశ్న: నాకు 61 ఏళ్ళు, మధుమేహం ఉంది. ‘చక్కెర చేర్చలేదు’ అని రాసిన మామిడి రుచి ప్రొటీన్ పెరుగు నేను తినవచ్చా?
– ఒక పాఠకుడు, బల్లార్‌పూర్

జవాబు: ఆ మాట నిజమే అయినా అంతటితో లేబుల్ చదవడం ఆపకండి. తీపి కోసం సుక్రలోజ్ గానీ స్టీవియా గానీ వేసి ఉంటే వాటి వల్ల రక్తంలో చక్కెర నేరుగా పెరగదు. పిండిపదార్థం నుంచి తయారుచేసే మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పొడి పేరు ఉంటే జాగ్రత్తపడండి. అది చక్కెరల పద్దులో కనిపించకపోయినా రక్తంలో గ్లూకోజ్‌ను గ్లూకోజ్ అంత వేగంగానే పెంచగలదు. మొదటిసారి తిన్న రోజున రెండు గంటల తర్వాత గ్లూకోమీటర్‌తో చూసుకుంటే మీ శరీరానికి సరిపడుతుందో లేదో తేలిపోతుంది.

దీనికంటే ముఖ్యమైన విషయం మీ మూత్రపిండాల స్థితి. మధుమేహం పాతబడిన వారిలో కొందరికి తెలియకుండానే అవి దెబ్బతింటాయి. క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు ఈ ఏడాది చేయించుకోకపోతే ముందు వాటిని చేయించండి. లోపం బయటపడితే ప్రొటీన్‌నే కాక, పాల పదార్థాల్లో ఉండే ఫాస్ఫరస్‌ను కూడా పరిమితం చేయవలసి రావచ్చు. ఆ సందర్భంలో ఎంత తినాలో మీ వైద్యుడే నిర్ణయించాలి.

ప్రశ్న: మా ఊళ్ళో ఈ రుచుల పెరుగు కప్పులు దొరకవు కనుక పట్నం నుంచి బస్సులో తెచ్చుకుంటాం. ఈసారి ఒక కప్పు మూత ఉబ్బింది. తేదీ ఇంకా దాటలేదు, తినవచ్చా?
– ఒక గృహిణి, సిరొంచ

జవాబు: వద్దు. పండు ముక్కలు, చక్కెర ఉన్న పెరుగు చల్లదనం తప్పితే అందులో ఈస్ట్ పెరిగి వాయువు పుడుతుంది, మూత ఉబ్బేది అందుకే. లేబుల్ మీది తేదీ చల్లగా నిల్వ ఉంచినప్పుడే వర్తిస్తుంది తప్ప, ఎండాకాలంలో గంటల కొద్దీ బస్సు ప్రయాణం చేసిన కప్పుకు వర్తించదు. ఇకపై తెచ్చుకునేటప్పుడు ఐసు ముక్కలు వేసిన డబ్బాలో పెట్టి తెచ్చి, రాగానే ఫ్రిజ్‌లో ఉంచండి. తలుపు అరలో కాకుండా వెనక భాగంలో పెడితే కరెంటు పోయి వచ్చినా చల్లదనం కొంతసేపు నిలుస్తుంది.