శాంథోమ్ నుంచి రువాన్ దాకా

ప్రశ్న: ఫ్రాన్స్‌లోని రువాన్ నగరంలో చదువుకుంటున్న మా అబ్బాయి దగ్గరకు వెళ్తున్నాము. అక్కడి గోతిక్ చర్చిలలో ఏమి గమనించాలి? అన్నేసి కిటికీలున్న గోడలు అంత ఎత్తున ఎలా నిలిచాయి?
– ఒక పాఠకురాలు, మైలాపూరు, చెన్నై

జవాబు: ముందుగా మీకు దగ్గరలోనే ఉన్న శాంథోమ్ చర్చిని చూసి వెళ్లండి. 19వ శతాబ్ది చివర, మధ్యయుగాల ఐరోపా కట్టడ శైలి అయిన గోతిక్ పద్ధతిలో తిరిగి కట్టిన ఆ చర్చిలోని మొనదేలిన కమానులు గుర్తుంటే, రువాన్‌లో మీ కన్ను త్వరగా అలవాటు పడుతుంది. అక్కడి నోత్రదామ్ కెథడ్రల్ శిఖరం 151 మీటర్లు. 1876లో పూర్తయినప్పుడు ప్రపంచంలో అంతకన్నా ఎత్తైన కట్టడం లేదు.

అయితే మీ ప్రశ్నకు అసలు జవాబు 1318లో మొదలుపెట్టిన సెంతువాన్ చర్చిలో దొరుకుతుంది. సుమారు 33 మీటర్ల ఎత్తున ఉన్న పైకప్పు బరువును రాతి పక్కటెముకలు (కప్పు అడుగున సాగే సన్నని కమానులు) స్తంభాల మీదికి దించుతాయి; పక్కలకు నెట్టే ఒత్తిడిని, బయట గోడకు ఆనించి కట్టిన సగం కమానులు అందుకొని నేలకు చేరవేస్తాయి. గోడకు మోసే పని తగ్గింది గనుకనే అక్కడ రంగుటద్దాలకు చోటు దొరికింది. లోపల చూసి ఊరుకోకుండా, పక్కనున్న తోటలో నిలబడి ఆ కమానులను తీరికగా చూడండి. నా దృష్టిలో ఈ ప్రయాణానికి అదే ఫలం. కెథడ్రల్ వెనుకనున్న సెమక్లూ చర్చి చిన్నదే అయినా, ఐదు కమానుల ముఖమండపం మీద రాయి అగ్నిజ్వాలల్లా మెలికలు తిరిగి ఉంటుంది.