ముందు సిమ్ తీసి చూడు, ఆ తర్వాతే ఫోన్ జోలికి వెళ్ళు

చిరంజీవి బాబుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. రాత్రి ఫోన్ అప్‌డేట్ అయిందనీ, పొద్దున లేచేసరికి సిమ్ తీసుకోవడం మానేసిందనీ రాశావు. ఎంత టెన్షన్ పడుతున్నావో మెసేజ్‌లోనే తెలుస్తోంది. "ఇక అంతా చెరిపేసి మొదట్నుంచి పెట్టుకుంటాను పెద్దమ్మా" అని చివర్లో రాశావే, ఆ ఒక్క మాట కోసమే ఇంత ఉత్తరం రాస్తున్నాను. ఆగు. నేను చెప్పేది పూర్తిగా చదివేదాకా రీసెట్ అన్న పేరున్న దేన్నీ ముట్టుకోకు.

రిపేరు బల్ల ముందు ఎన్నో ఏళ్ళు కూర్చున్నాను. స్మార్ట్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజుల్లో ఒకావిడ ఇలాంటి ఫోనే తెచ్చింది. అప్‌డేట్ చేశాక సిమ్ పట్టడం లేదంది. అప్‌డేట్ అన్న మాట వినగానే సాఫ్ట్‌వేర్ లోపమే అనుకుని, ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేశాను. ఫోన్ కొత్తదానిలా తెరుచుకుంది, సిమ్ మాత్రం పట్టలేదు. అప్పుడు సిమ్ బయటికి తీసి చూస్తే ఆ బంగారు రంగు రేకు మీద అడ్డంగా ఒక నల్లటి గీత. వేరే ఫోన్‌లో పెట్టినా అది పలకలేదు. ఆవిడ ఫోన్‌కి ఏ జబ్బూ లేదు. నేను చెరిపేసిన వాటిలో చనిపోయిన వాళ్ళమ్మ గొంతు రికార్డింగులున్నాయి, వాటికి బ్యాకప్ లేదు. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ తర్వాత సిమ్ మార్చి చూడకుండా నేను ఏ ఫోన్‌నీ చెరపలేదు.

అప్‌డేట్ తర్వాత చెడింది కాబట్టి అప్‌డేట్ వల్లే చెడిందనిపిస్తుంది. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకేసారి జరిగితే కాకే రాల్చిందనుకున్నట్టు. ఇక్కడ చాలాసార్లు జరిగేది వేరు. అప్‌డేట్ చివర్లో ఫోన్ ఆగి మళ్ళీ మొదలవుతుంది. మనలో చాలామంది నెలల తరబడి ఫోన్‌ని ఆపనే ఆపం. సిమ్ అంటే ఉత్త ప్లాస్టిక్ ముక్క కాదు, అందులో ఒక బుల్లి ప్రాసెసర్ ఉంటుంది. ఫోన్ ఆన్ అయిన ప్రతిసారీ దానికి కరెంటు ఇచ్చి ఉన్నావా అని పలకరిస్తుంది. సిమ్ తన వివరం చెబుతూ జవాబివ్వాలి. అరిగిన సిమ్మో, సిమ్ కూర్చునే ట్రే కాస్త జరిగినదో ఒకసారి పలికితే చాలు, ఆ తర్వాత ఎలాగోలా నెట్టుకొస్తాయి. మళ్ళీ మొదటి నుంచి పలకమన్నప్పుడు వాటి గుట్టు బయటపడుతుంది.

అలాగని అప్‌డేట్‌ని వెనకేసుకు రావడం లేదు. సిగ్నల్ పని చూసుకునే మోడెమ్ అని ఫోన్ లోపల విడిగా ఒకటి ఉంటుంది. దానికి సొంత సాఫ్ట్‌వేర్ ఉంటుంది. పెద్ద అప్‌డేట్లలో అదీ మారుతుంది. అందులో పొరపాటు దొర్లితే మంచి సిమ్‌ని కూడా ఫోన్ తోసిపుచ్చుతుంది. తప్పు ఎవరిదో తేల్చడానికి పదిహేను నిమిషాలు చాలు. ఆ పదిహేను నిమిషాలు పెట్టకుండా చేసే రిపేరు చీకట్లో రాయి విసరడమే.

ముందు తెర మీద ఏ మాట కనపడుతోందో అక్షరం అక్షరం చదువు. "సిమ్ తీసుకోవడం లేదు" అని నువ్వు రాసింది నాకు సరిపోదు. "నో సిమ్" అంటే ఫోన్‌కి సిమ్ కనపడనే లేదు. "ఇన్‌వాలిడ్ సిమ్" అంటే కనపడింది గానీ ఒప్పుకోలేదు. "నో సర్వీస్" అంటే సిమ్‌ని బాగానే చదివింది, ఇబ్బంది నెట్‌వర్క్ దగ్గరుంది. "సిమ్ నాట్ సపోర్టెడ్" అని వచ్చినా, నెట్‌వర్క్ అన్‌లాక్ కోడ్ అడిగినా, ఆ ఫోన్ ఏదో ఒక కంపెనీ సిమ్‌లకే లాక్ అయి ఉందన్నమాట. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి క్యారియర్ లాక్ అన్న చోట చూడు. "నో సిమ్ రెస్ట్రిక్షన్స్" అని ఉంటే లాక్ లేనట్టే. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫోన్ అయితే ట్రేలో సిమ్‌కి అంటుకుని కాగితం లాంటి పల్చటి చిప్ ఉందేమో కూడా చూడు. లాక్‌ని ఏమార్చడానికి పెడతారు దాన్ని. అప్‌డేట్ రాగానే అది చెల్లకుండా పోవడం మామూలే. అలాంటప్పుడు లాక్ వేసిన కంపెనీ చేతే తీయించుకోవాలి, వేరే దారుల వెంట పడొద్దు.

ఇంకోటి జాగ్రత్తగా విను. ఫోన్ "సిమ్ పిన్" అడుగుతుంటే అది నువ్వు రోజూ తెర తెరవడానికి కొట్టే పిన్ కాదు. సిమ్‌కి విడిగా పెట్టిన తాళం. మామూలు రోజుల్లో అడగదు, ఫోన్ మళ్ళీ మొదలైనప్పుడే అడుగుతుంది, అందుకే అప్‌డేట్ అయిన పొద్దున్నే ఎదురవుతుంది. తెర పిన్‌నే మూడుసార్లు కొట్టి సిమ్‌ని బ్లాక్ చేసుకున్నవాళ్ళను ఎంతమందినో చూశాను. బ్లాక్ అయితే దాన్ని తీసే 8 అంకెల పీయూకే కోడ్ కావాలి. అది సిమ్ వచ్చిన కార్డు మీద ఉంటుంది, లేదా కంపెనీ వాళ్ళు నువ్వే నువ్వని రుజువు చూసుకుని చెబుతారు. దాన్ని ఊహించి కొట్టొద్దు. పీయూకే పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇక శాశ్వతంగా పనికిరాదు.

ఇవేవీ కాక ఉత్త "నో సిమ్" లేదా "ఇన్‌వాలిడ్ సిమ్" అయితే, ఫోన్‌ని పూర్తిగా ఆపి ట్రే తియ్యి. ట్రే తీసే సన్నటి పిన్నును ఏ రంధ్రంలో పెడుతున్నావో ముందు కళ్ళతో చూసుకో. ట్రే చుట్టూ సన్నటి గీత కనపడుతుంది, ఆ గీత లోపల ఉన్న రంధ్రమే ట్రేది. ఫోన్ అంచున విడిగా ఉన్న చిన్న రంధ్రం మైకుది. కంగారులో అందులో పిన్ను గుచ్చి, సిమ్ బాగైనా గొంతు వినపడని ఫోన్లు నా బల్ల మీదికి వచ్చేవి. పిన్ను నిటారుగా పెట్టి ట్రే కొంచెం ముందుకు జరిగేదాకా మెల్లగా నొక్కి, ఆపైన గోటితో పట్టి లాగు.

సిమ్‌ని వేళ్ళతో అంచులు పట్టుకో. అంచులంటే ఇప్పటి సిమ్‌లో పెద్దగా లేవు. 1991లో మ్యూనిక్‌లో తయారైన తొలి సిమ్‌లు ఏటీఎం కార్డంత ఉండేవి. ఇప్పటి నానో సిమ్ 12.3 మిల్లీమీటర్ల పొడవు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పు. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తగ్గుతూ వచ్చింది, పనిచేసే రేకు మాత్రం దాదాపు అంతే ఉంది. అందుకే ఎక్కడ పట్టుకున్నా వేలిజిడ్డు రేకుకే అంటుతుంది.

వెలుతురు కిందికి తెచ్చి ఏటవాలుగా అటూ ఇటూ తిప్పు. రేకు మీద మసకగా వేలిముద్ర కనపడితే అది జిడ్డు, తుడిస్తే పోతుంది. ఫోన్ లోపలి ముళ్ళు ఆనే చోట సన్నటి గీతలుంటాయి, వాటిని చూసి కంగారు పడకు, అవి అందరి సిమ్‌కీ ఉంటాయి. రేకు లేచిపోయినా, లోతుగా గీత పడి బంగారు రంగు పోయి నల్లగానో తెల్లగానో కనపడినా, సిమ్ మధ్యలో వంగినా, దాని ఆయుష్షు తీరిపోయిందనుకో. పొడి మెత్తటి గుడ్డతో మృదువుగా తుడువు. జిడ్డు వదలకపోతే గుడ్డ కొసకి ఒక్క చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి, పూర్తిగా ఆరనివ్వు. నీళ్ళు వద్దు, నోటితో ఊదడం వద్దు. రబ్బరుతో గట్టిగా రుద్దితే జిడ్డుతో పాటు బంగారు పూత కూడా అరిగిపోతుంది.

పాత పెద్ద సిమ్‌ని కత్తిరించి చిన్నది చేసుకున్నావేమో గుర్తు తెచ్చుకో. నానో సిమ్ మందం 0.67 మిల్లీమీటర్లు, పాత సిమ్‌లది 0.76. తేడా వెంట్రుకంతే గానీ, ట్రే సరిగ్గా కూర్చోనివ్వదు, లోపలి ముళ్ళనూ వంచేస్తుంది. అలాంటిదైతే మళ్ళీ లోపల పెట్టనే పెట్టకు. మంచిదైతే సిమ్ మూల కోసిన వైపు ట్రే కోతకి సరిపడేలా పెట్టి, ట్రే ఫోన్ అంచుతో సమానం అయ్యేదాకా తోసి, అప్పుడు ఆన్ చెయ్యి. రెండు నిమిషాలు ఆగు. నా లెక్కన ఇలాంటివాటిలో చాలా ఫోన్లు ఇక్కడికే దారికొస్తాయి.

రాలేదా, అసలు పరీక్ష ఇప్పుడు. నీ సిమ్‌ని ఇంకొకరి ఫోన్‌లో పెట్టు, వాళ్ళ సిమ్‌ని నీ ఫోన్‌లో పెట్టు. రెండూ చెయ్యాలి, ఒకటి చేసి వదిలెయ్యకు. నీ సిమ్ అక్కడా పలకక, వాళ్ళ సిమ్ నీ ఫోన్‌లో పలికితే నీ ఫోన్ నిక్షేపంగా ఉంది, సిమ్ పోయింది. నీ సిమ్ అక్కడ చక్కగా మోగి, నీ ఫోన్ ఏ సిమ్‌నీ ఒప్పుకోకపోతే ఇబ్బంది ఫోన్‌లో ఉంది. రెండు సిమ్‌లు పట్టే ఫోన్ అయితే రెండో అరలో కూడా పెట్టి చూడు, ఒక్క అర ముళ్ళే వంగి ఉండొచ్చు. నీ సిమ్ అక్కడా పలికి, వాళ్ళ సిమ్ నీ దగ్గరా పలికితే, నీ సిమ్ చివరి దశలో ఉండొచ్చు. కొత్తది తీసుకో.

ఈ పరీక్ష చేసేటప్పుడు వాట్సాప్‌తో జాగ్రత్త. నీ ఫోన్‌లో సిమ్ లేకపోయినా వైఫై ఉంటే వాట్సాప్ నడుస్తూ ఉండొచ్చు. దాన్ని తీసేసి మళ్ళీ వేసుకుందామని మాత్రం చూడకు, ఆరంకెల కోడ్ నీ నంబరుకే వస్తుంది, ఆ నంబరు ఇప్పుడు పలకడం లేదు కదా. నీ సిమ్ పెట్టిన ఆ రెండో ఫోన్‌లో నీ నంబరుతో వాట్సాప్ తెరవకు, ఇక్కడిది ఆగిపోతుంది. బ్యాంకు ఓటీపీ ఏదైనా అత్యవసరంగా కావాలంటే సిమ్ అక్కడ ఉన్నప్పుడే చదివి రాసుకో.

తప్పు సిమ్‌దే అయితే కంపెనీ దగ్గర అదే నంబరుకి కొత్త సిమ్ ఇస్తారు. నంబరు పోతుందని భయపడకు. సిమ్‌లో ఉండేది నిన్ను గుర్తుపట్టే ఒక సంఖ్య, ఒక రహస్య తాళంచెవి. అది ఏ ఫోన్ నంబరుది అన్న లెక్క కంపెనీ కంప్యూటర్లలో ఉంటుంది. పోయేదల్లా పాత సిమ్‌లోనే దాచుకున్న పేర్లూ నంబర్లూ. నీ సిమ్ రెండో ఫోన్‌లో ఇంకా పలుకుతుంటే వాటిని ముందే బయటికి కాపీ చేసుకో. కొత్త సిమ్ వచ్చాక భద్రత కోసం కొన్ని చోట్ల మెసేజ్‌లు కొంతసేపు ఆపి ఉంచుతారు, ఓటీపీ రాలేదని అప్పుడు గాబరా పడొద్దు.

తప్పు ఫోన్‌దే అయితే మెల్లగా ఒక్కో మెట్టు ఎక్కు. సెట్టింగ్స్‌లో ఆ సిమ్ ఆఫ్‌లో ఉందేమో చూసి ఆన్ చెయ్యి. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి అర నిమిషం ఆగి తియ్యి. వైఫైలో ఉండి అప్‌డేట్ పేజీ మళ్ళీ తెరువు. పెద్ద అప్‌డేట్‌లో మోడెమ్ లోపం ఉంటే ఫోన్ కంపెనీ వెంటనే చిన్న అప్‌డేట్ ఒకటి వదలడం ఉంది. ఐఫోన్‌లో అయితే వైఫైలో ఉండి అబౌట్ పేజీలోనే కాసేపు ఉంటే క్యారియర్ సెట్టింగ్స్ అప్‌డేట్ అని అడగవచ్చు, ఒప్పుకో. అప్పటికీ కాకపోతే నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్. రీసెట్ ముట్టుకోవద్దన్నాను కదా, ఇది ఒక్కటి మాత్రం ఫొటోలకీ మెసేజ్‌లకీ ఏమీ చెయ్యదు. వైఫై పాస్‌వర్డులూ, బ్లూటూత్ జతలూ పోవచ్చు, అంతే. పాస్‌వర్డు ముందు కాగితం మీద రాసుకో. ఇదీ, అంతా చెరిపేసే రీసెట్టూ పక్కపక్కనే ఉంటాయి, "నెట్‌వర్క్" అన్న పదం కళ్ళారా చూశాకే నొక్కు. "ఆల్ డేటా" అని కనపడితే వెనక్కి వచ్చెయ్యి.

ఫోన్ డయలర్‌లో *#06# కొట్టు. 15 అంకెల ఐఎంఈఐ, అంటే నీ ఫోన్ గుర్తింపు సంఖ్య, కనపడాలి. ఖాళీగా ఉన్నా, అన్నీ సున్నాలే ఉన్నా, అబౌట్ పేజీలో మోడెమ్ సాఫ్ట్‌వేర్ వివరం చూపే బేస్‌బ్యాండ్ అన్న చోట "అన్‌నోన్" అని ఉన్నా, మోడెమ్ దెబ్బతింది. అది ఇంట్లో బాగయ్యేది కాదు, ఆ బ్రాండ్ సొంత సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళు. ఎక్కడో దొరికిన ఫైలుతో ఫ్లాష్ చేస్తామనేవాళ్ళకి, ఐఎంఈఐ మళ్ళీ రాసిస్తామనేవాళ్ళకి ఫోన్ ఇవ్వకు. ఐఎంఈఐ మార్చడం చాలా దేశాల్లో నేరం కూడా. సెంటర్‌కి వెళ్ళే ముందు వైఫై మీద బ్యాకప్ తీసి, అది నిజంగా ఎక్కిందో లేదో ఇంకో ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో తెరిచి చూడు. నీది కార్డు లేకుండా ఫోన్ లోపలే ఉండే ఈ-సిమ్ అయితే, వాళ్ళు చెరిపేటప్పుడు ఈ-సిమ్‌ని ఉంచమని అడుగు, పోతే మళ్ళీ కంపెనీ నుంచి తెచ్చుకోవాలి.

ఒక్కటి మాత్రం ఆలస్యం చెయ్యకు. సిమ్‌ని చదువుతోంది గానీ రెండు ఫోన్లలోనూ "నో సర్వీస్" అనే వస్తుంటే అప్‌డేట్ సంగతి పక్కన పెట్టి, వేరే ఫోన్ నుంచి వెంటనే సిమ్ కంపెనీకి ఫోన్ చెయ్యి. నీ పేరు మీద ఇంకెవరైనా కొత్త సిమ్ తీసుకున్నారా అని అడుగు. ఎవరైనా తీసుకుంటే నీ చేతిలో ఉన్నది మూగబోతుంది, నీ ఓటీపీలన్నీ వాళ్ళకి వెళ్తాయి. అలా అని తేలితే మరుక్షణం బ్యాంకుకి చెప్పు. ఈలోగా సిమ్ బాగుచేస్తామంటూ ఎవరైనా తామే ఫోన్ చేసి ఓటీపీయో పీయూకేయో అడిగితే ఏమీ చెప్పకుండా ఫోన్ కట్ చేసెయ్యి.

ఇప్పుడు లేచి ట్రే తియ్యి. రేకు ఎలా ఉందో, తెర మీద ఏ మాట ఉందో, రెండు సిమ్‌లూ మార్చి చూస్తే ఏమైందో రాత్రిలోగా రాయి. ఫొటో పంపితే సిమ్ వెనక ఉన్న పొడుగాటి నంబరు మీద వేలు పెట్టి తియ్యి. నీ జవాబు కోసం చూస్తుంటాను.

నీ
పెద్దమ్మ