డీజిల్ పంపుల పనిలో చేరిన మేనల్లునికి

చిరంజీవి మేనల్లునికి, అనంతపురం నుండి మామ ఆశీర్వదించి వ్రాయునది.

కర్నూలులో డీజిల్ పంపుల షాపులో చేరావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఏ బండి వచ్చినా, పానా పట్టకముందే రెండు సంగతులు తేల్చుకో: డీజిలుకు ఒత్తిడి ఎక్కడ పుడుతున్నది, ఎంత డీజిలు ఎప్పుడు పడాలో నిర్ణయించేది ఏది.

పాత ట్రాక్టర్లలోను, తాడిపత్రి బండలు మోసే పాత లారీలలోను కనిపించే ఇన్‌లైన్ పంపులో సిలిండరుకు ఒక ప్లంజరు (డీజిలును నెట్టే చిన్న కడ్డీ) చొప్పున ఉంటుంది. బాష్ కంపెనీ 1927లోనే ఈ పంపులను పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. ఇరుసు మీద ఉబ్బెత్తుగా ఉండే కామ్ ప్రతిసారీ ప్లంజరును ఒకే ఎత్తుకు లేపుతుంది. కానీ ప్లంజరు మీద ఏటవాలుగా గాడి చెక్కి ఉన్నందువల్ల, ర్యాక్ అనే పళ్ల కడ్డీ దానిని కొద్దిగా తిప్పితే ఆ గాడి పక్కనున్న రంధ్రానికి ముందుగానో ఆలస్యంగానో ఎదురుపడి, డీజిలు మోతాదు తగ్గడమో పెరగడమో జరుగుతుంది. ఆ ర్యాక్‌ను నడిపేది ఇంజను వేగాన్ని అదుపుచేసే గవర్నరు. ఈ గాడి పని నీకు కళ్లకు కట్టినట్లు తెలిసేదాకా పంపు విప్పవద్దు.

వీఈ రకం రోటరీ పంపులో ఒకే ప్లంజరు గుండ్రంగా తిరుగుతూ, ముందుకు వెనుకకు ఆడుతూ, సిలిండర్లన్నింటికీ వంతులవారీగా డీజిలు పంచుతుంది. దీని లోపలి భాగాలకు డీజిలే కందెన కనుక, నీళ్లు కలిసిన డీజిలు పోస్తే అరుగుదల త్వరగా వస్తుంది. ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదలమని రైతులకు విసుగు లేకుండా చెప్పు. యూనిట్ ఇంజెక్టరులో పంపు, సిలిండరులోకి డీజిలు చిమ్మే నాజిలు ఒకటిగా కలిసి ఉంటాయి. అవి నీ చేతికి తక్కువగానే వస్తాయి.

కామన్ రైల్ పద్ధతి వేరు. ఇందులో ఇంజెక్టర్లన్నింటికీ ఉమ్మడిగా ఉండే రైల్ అనే గొట్టంలో పంపు ఒత్తిడిని మాత్రమే పుట్టిస్తుంది. మోతాదును, సమయాన్ని ఈసీయూ అనే ఇంజను కంప్యూటరు నిర్ణయించి ఇంజెక్టర్లను విద్యుత్తుతో తెరిపిస్తుంది. 1997లో కార్లలోకి వచ్చిన తొలి రోజులలో దీని ఒత్తిడి 1350 బార్ ఉండగా, ఇప్పుడు 2000 బార్ దాటిన బండ్లు ఉన్నాయి. అసలు మోతాదుకు ముందు ఒక చిన్న మోతాదు పడేటట్లు చేయగలగడం వల్లనే ఈ ఇంజన్లలో టకటక శబ్దం తగ్గింది.

పాత ఇంజను నడుస్తుండగా ఒక్కొక్క పైపు నట్టు సడలించి, పనిచేయని సిలిండరును పట్టుకోవడం మన మేస్త్రీలందరికీ అలవాటు. కామన్ రైల్ మీద ఆ పని ఎన్నడూ చేయవద్దు. అక్కడ చిమ్మే డీజిలు ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి దిగుతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి, ఒత్తిడితో డీజిలు లోపలికి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి.

కామన్ రైల్ బండి స్టార్టు కాకపోతే, మిగులు డీజిలును వెనుకకు పంపే ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలకు ఒకే కొలత సీసాలు తగిలించి చూడు. మిగతా వాటికంటే బాగా ఎక్కువ డీజిలు వెనుకకు వదిలే ఇంజెక్టరు లోపల అరిగి ఉంటుంది, దానివల్లనే ఆ రైల్ గొట్టంలో ఒత్తిడి నిలవదు. కొత్తది వేసిన తరువాత, దాని మీద కోడు ఉంటే స్కానరుతో ఈసీయూకు ఎక్కించు. తొందరలో చాలామంది ఈ ఒక్క పని వదిలేసి, ఇంజను సరిగా ఆడలేదని కొత్త ఇంజెక్టరునే తప్పుపడతారు.